ఆకుల మీద అడుగు

నేను ఒక నీళ్ల సీసాను. సీసా అన్నానని గాజుదనుకునేరు. అల్యూమినియం రేకును అచ్చులో నొక్కి రెండు డొప్పలు చేసి, ఆ రెంటినీ అతికి, మెడకు మర మూత, మూతకు చిన్న గొలుసు తగిలించి, పైన ఖాకీ ఉన్ని తొడుగు వేసి నన్ను లోకంలోకి పంపారు. తొడుగు తడిపితే లోపలి నీళ్లు చల్లగా ఉంటాయి. నాకున్న విద్య అదొక్కటే. నాతోపాటు పుట్టిన వాటన్నిటిదీ ఒకే ముఖం, ఒక్కదానికీ పేరు లేదు. ఇది సీసాలకే పట్టిన గతి అనుకున్నాను. పటాలం చేరాక చూస్తే అక్కడ మనుషులకు కూడా జుట్టు కత్తిరించి, ఒకే రంగు బట్టలు తొడిగి, నంబర్లు ఇచ్చి వరసలో నిలబెడుతున్నారు.

స్టోరు కిటికీలోంచి నన్ను అందుకున్నవాడు కటికల జకరయ్య. సన్నగా, నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. ప్రకాశం జిల్లా పడమటి కొసన, నల్లమల కొండల కింది పల్లె వాడిది. బుద్ధి తెలిసినప్పటి నుంచి మేకల వెంట అడవిలోనే తిరిగాడు. బూట్లు లేని కాళ్లతో ముళ్లూ రాళ్లూ తొక్కుకుంటూ కొండెక్కి దిగిన మనిషికి పటాలంవాళ్లు మొట్టమొదట నేర్పింది నడక. ఎడమ కాలు, కుడి కాలు అంటూ పొద్దున్నుంచి అరిచేవారు. వాడు కూడా అంతవరకూ నడక తెలియనివాడిలాగే శ్రద్ధగా నేర్చుకున్నాడు.

నాలో పోసిన మొదటి నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. "రేకు వాసన" అని, చింతపండు, ఇసక కలిపి నన్ను తోమి తోమి పెట్టాడు. నీళ్ల విషయంలో వాడికి చాదస్తం. నల్లమలలో ఏ వాగు నీళ్లు తియ్యగా ఉంటాయో, ఏ రాతి దొనలో నీళ్లు రోహిణికార్తె ఎండల దాకా నిలుస్తాయో చెబుతుంటే పక్క మంచం మీది పోలిరాజు నవ్వేవాడు. మైలపల్లి పోలిరాజు శ్రీకాకుళం జిల్లా వాడు, సముద్రం ఒడ్డున వలలు లాగిన చేతులు వాడివి.

"నీళ్లంటే సముద్రమేరా! నీ కొండ మీద గుంటలో నీళ్లు కూడా నీళ్లేటి?" అనేవాడు.

"సముద్రం నీళ్లు ఒక్క గుక్క తాగి చూపిచ్చు మరి" అనేవాడు జకరయ్య.

వాళ్ల స్నేహం ఇలాంటి వాదాలతోనే పెరిగింది. పోలిరాజు తన సీసా ఎప్పుడూ ఖాళీ చేసుకుని, అడగకుండా నా మూత తిప్పేవాడు. వాడి పెదవులు కూడా నాకు అలవాటైపోయాయి. ఇద్దరూ ఉత్తరాదిన మంచు కొండల్లో పనిచేశారు. గస్తీకి ఎవరు వెళతారని అడిగితే జకరయ్య ముందుకొచ్చేవాడు. మిగతావాళ్లకది శిక్ష, అతనికి షికారు. పక్షి కూత వినిపిస్తే ఆగిపోయి, చెట్టు బెరడు గిల్లి వాసన చూసి, ఇది మా ఊళ్లో లేదు అని తనలో తానే అనుకునేవాడు.

సెలవులో పెళ్లయింది. పెళ్లికూతురు సలోమి. అతనికన్నా మాటకారి, అతనికన్నా మొండిది. కొత్త జంటలు గిద్దలూరు వెళ్లి సినిమా చూసే రోజుల్లో, ఈయన నన్ను భుజాన తగిలించుకుని పెళ్లాన్ని కొండకు తీసుకెళ్లాడు. సలోమి దారి పొడుగునా సణిగింది. "ఎవురన్నా పెళ్లాన్ని బస్సెక్కిస్తారు. నువ్వేందయ్యా, ఎలుగుబంట్లకు చూపియ్యను తీసకపోతన్నావా?" అంది. కాని దొన దగ్గర రాతి మీద కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాక మాట ఆగిపోయింది. అతను నన్ను ముంచి నింపి అందించాడు. ఆమె తాగి, మూతి తుడుచుకుని, కాసేపటికి "మళ్లీ ఎప్పుడొస్తాం?" అని అడిగింది. ప్రతి సెలవులోనూ వచ్చారు. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఊళ్లో ఎవరేమన్నా, కొండ మీద ఆ ఇద్దరికీ ఏ లోటూ ఉన్నట్టు నాకు కనిపించలేదు.

ఆ తర్వాత పటాలాన్ని సముద్రం దాటించి శ్రీలంక పంపారు. శాంతి కాపాడడానికని చెప్పారు. ఓడ దిగిన రోజున జకరయ్య సంతోషపడ్డాడు, ఎటు చూసినా పచ్చటి అడవి. కొద్ది రోజుల్లోనే ఆ సంతోషం పోయింది. ఆ అడవిలో నేల నమ్మకమైంది కాదు. రాలిన ఆకుల కింద మందుపాతరలు పెట్టేవారు. ఎవరు పెట్టారో, ఎప్పుడు పెట్టారో తెలియదు. కాలు మోపితే గాని అక్కడ ఉన్నదీ తెలియదు.

అడవి తెలిసినవాడు కాబట్టి అధికారులు జకరయ్యను వరసకు ముందు నడిపించేవారు. అతను వంగి, ఆకు కదిలిన తీరు చూసి, మట్టి రంగు చూసి అడుగు వేసేవాడు. వెనకే పోలిరాజు. అడవంటే భయపడే పోలిరాజుకు జకరయ్య ఒకటే మాట చెప్పేవాడు.

"నా అడుగులో అడుగెయ్యి. పక్కకు పోబాక. నాకేం గాకపోతే నీకేం గాదు."

ఒక ఉదయం వాన వెలిసి చెట్ల మీంచి ఇంకా బొట్లు పడుతున్నాయి. జకరయ్య ఒక అడుగు వేశాడు. తర్వాతి అడుగు వేశాడు. మూడోది ఎత్తబోతుండగా వెనక నేల లేచింది. మొదట నాకు తెలిసింది చప్పుడు కాదు, వేడి. మట్టి, ఆకులు, ఇంకేవేవో మా మీద పడ్డాయి. జకరయ్య బోర్లా పడి, లేచి, వెనక్కి పాకాడు. పోలిరాజు కుడి కాలు మోకాలి కింద లేదు.

జకరయ్య నా పట్టీ ఊడదీసి పోలిరాజు తొడకు బిగించి ముడివేశాడు. నన్ను వాడి నోటికి ఆనించాడు. పోలిరాజు ఒక గుక్క తాగాడు. వాడి ముఖంలో నొప్పి కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. తప్పు తనది కాదని చెప్పుకునే చిన్నపిల్లాడిలా అన్నాడు:

"నువ్వేసిన కాడే ఏసినాను గదరా, జకరీ."

నిజమే. జకరయ్య అడుగు పడినచోటే వాడి అడుగు పడింది. ఆ పాతర ఎందుకో మొదటి కాలికి ఊరుకుని, రెండో కాలికి పేలింది. ఎవరికీ కారణం తెలియదు. జకరయ్య వాడిని వీపున వేసుకుని రోడ్డు దాకా మోశాడు. అక్కడి నుంచి హెలికాప్టరు తీసుకుపోయింది. వాడు బతికాడని, కృత్రిమ కాలు పెట్టి ఇంటికి పంపించారని తర్వాత కబురు తెలిసింది. జకరయ్య చూడడానికి వెళ్లలేదు. రెండు మూడుసార్లు సెలవు పెట్టి, రైలు స్టేషను దాకా వెళ్లి తిరిగి వచ్చాడు.

లంక నుంచి వచ్చాక అతను స్టోరులో పని అడిగి తీసుకున్నాడు. కంటోన్మెంటులో అన్నీ తారు రోడ్లు. చెట్ల మొదళ్లకు సున్నం కొట్టి ఉంటుంది. రాలిన ఆకును రాలినట్టే ఊడ్చిపారేయడం సైన్యంలో ఒక పెద్ద డ్యూటీ. కొత్తవాళ్లు విసుక్కునే ఆ పని జకరయ్య ఎవరూ చెప్పకుండానే చేసేవాడు. పై అధికారులు శుభ్రత అంటే ఇదని మెచ్చుకున్నారు. పేలుడుకు నేను వంకర పోయానని స్టోరులో పక్కన పడేస్తే అడిగి తెచ్చుకున్నాడు. కాని ఆ తర్వాత నాతో ఒక్కసారి కూడా నీళ్లు తాగలేదు. గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టె అడుగున పెట్టాడు.

హవల్దారుగా రిటైరై ఊరు చేరాక ఏం జరిగిందో నేను పెట్టెలోంచి విన్నాను. ఇంటి ముందు సలోమి కాపరానికి వచ్చిన ఏడు నాటిన కానుగ చెట్టు ఉండేది. ఎండలో ఇంటికి అదే గొడుగు. కానుగకు ఆకు రాలే గుణం ఎక్కువ. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ వాకిలి నిండిపోతుంది. జకరయ్య నిండిన ప్రతిసారీ ఊడ్చాడు. ఒకరోజు సలోమి దుకాణానికి వెళ్లి వచ్చేసరికి గొడ్డలి చప్పుడు వినిపించింది.

"ఏం చేస్తన్నావయ్యా! ఏం చేస్తన్నావు!" అని ఆమె పరిగెత్తుకొచ్చిన అడుగుల చప్పుడు విన్నాను.

"రాలతాంది" అన్నాడు జకరయ్య.

చెట్టు పడింది. సలోమి ఏడ్చింది. ఊరి జనం అది మిలిటరీ రమ్ము పని అన్నారు. అతను తాగేది కొంచెమే, కాని ఆ కారణం అందరికీ సులువుగా ఉంది. అడవి అంచున పుట్టిన మనిషి రోడ్డు మీద తప్ప నడవకపోవడం, మేకల కాపరులు పలకరించినా కొండ వైపు తల తిప్పకపోవడం వాళ్లకు నవ్వులాట అయింది. సలోమి మాత్రం నవ్వలేదు. అడిగింది, తిట్టింది, అలిగింది, ప్రార్థన చేసింది. అతను నోరు విప్పలేదు. చివరికి ఆమెకు కోపం వచ్చి, "నువ్వు రాకపోతే పో, నాకు కొండెక్కను కాళ్లు లేవా?" అంది. ట్రంకు పెట్టె తెరిచి, నన్ను తీసి, తోమి, తన పాత చీర పేలికతో పట్టీ పేని భుజాన వేసుకుంది. నన్ను చూసి జకరయ్య ముఖం పాలిపోయింది. కాని ఆపలేదు.

అలా నేను ఆడమనిషి చేతికి వచ్చాను. ఊరి ఆడవాళ్లు అడవిలోకి కుంకుడుకాయలు ఏరడానికి వెళతారు. ఎండలు ముదరకముందు, చెట్లు ఆకు రాల్చే రోజులవి. సలోమి వాళ్లతో వెళ్లేది. తాగేది తక్కువ, పక్కవాళ్లకు పోసేది ఎక్కువ. ఒకప్పుడు సణుగుతూ నడిచిన మనిషి ఇప్పుడు వాళ్లందరికీ దారి చూపించేది. అదంతా ఎవరు నేర్పారో చెప్పేటప్పుడు మాత్రం గొంతు కొంచెం తగ్గేది.

ఒకరోజు ఏటవాలులో కాయలు ఏరుతూ సలోమి జారింది. దొర్లుకుంటూ ఎండిపోయిన వంకలోకి పడింది. చీలమండ విరిగింది. మిగతా ఆడవాళ్లు చెల్లాచెదురుగా ఉన్నారు. ఆమె వేరే దారిలో దిగిపోయి ఉంటుందనుకుని ఊరికి వెళ్లిపోయారు. సలోమి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. అప్పుడు నన్ను తీసుకుని పక్కనున్న బండరాయికి కొట్టడం మొదలుపెట్టింది. నా ఒళ్లు సొట్టలు పోయింది. ఠంగు ఠంగుమని నా గొంతు కొండల్లో తిరిగింది. నాకు అంత గొంతు ఉందని అప్పటిదాకా నాకే తెలియదు.

పొద్దు వాలుతుండగా పైనుంచి కేక వినిపించింది.

"సలోమీ!"

"ఈడుండా! వంకలో ఉండా!"

జకరయ్య అవతలి గట్టు మీదికి వచ్చాడు. రొప్పుతున్నాడు. ఆడవాళ్ల వెంట ఆమె రాలేదని చూసి, నా చప్పుడు పట్టుకుని, రాతి మీదినుంచి రాతి మీదికి, వాగు ఇసక వెంట, ఎక్కడ నేల కనిపిస్తే అక్కడ కాలు పెడుతూ అంత దూరం వచ్చాడని తర్వాత తెలిసింది. ఇక్కడ మాత్రం అటువంటి దారి లేదు. అతనికీ ఆమెకూ మధ్య వంక నిండా టేకు ఆకులు, మద్ది ఆకులు గాలికి కొట్టుకొచ్చి మోకాలి లోతున పడి ఉన్నాయి. గట్టు దిగి మొదటి ఆకు దగ్గర ఆగిపోయాడు.

"ఏందయ్యా ఆడ్నే నిలబడ్డావు? కాలిరిగింది. లేవలేను."

అతను కాలు ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు. చివరికి అక్కడే చతికిలబడ్డాడు.

"రాలేను, సలోమీ."

"రాలేవా? కట్టుకున్నదాన్ని నక్కలకు వదిలేసి పోతావా? దానికా వచ్చింది?"

అతను రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అప్పుడు ఆమె అతని ముఖం సరిగ్గా చూసింది. ఆమె గొంతు మారిపోయింది.

"ఏం కనపడతాంది నీకు ఈడ?" అని అడిగింది.

అన్నేళ్లలో అతన్ని ఎందుకు రావు అన్నవాళ్లే గాని, ఏం కనపడుతుందని అడిగినవాళ్లు లేరు. అతను చెప్పాడు. ఆకుల అవతల కూర్చుని, కిందికి చూస్తూ, పోలిరాజు గురించి చెప్పాడు. తన అడుగులో అడుగు వెయ్యమన్నది చెప్పాడు. వాడు చివరికి అన్న మాట చెప్పేటప్పుడు రెండుసార్లు మొదలుపెట్టాడు. సలోమి కాలి నొప్పి మరిచిపోయి విన్నది. కానుగ చెట్టు ఎందుకు పడిందో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"అట్టయితే రాబాక" అంది. "నిజంగానే అంటన్నా, రాబాక. పోయి ఊళ్లోవాళ్లను పిలుచుకరా. నేను ఉంటా. నోరెండి ఉంటది నీకు, ఇదిగో, తాగి పో."

నన్ను అవతలికి విసిరింది. పడి ఉన్న మనిషి చేతిలో బలం ఎంత ఉంటుంది? నేను సగం దూరంలో, సరిగ్గా ఆకుల నడుమ పడ్డాను. జకరయ్య "అమ్మా!" అని కేకపెట్టి నేలకు కరుచుకుపోయాడు, చేతులతో తల కప్పుకున్నాడు.

ఏమీ జరగలేదు. ఆకులు గలగలమని సర్దుకున్నాయి. నేను వాటిలో దిగబడి పడి ఉన్నాను.

అతను తల ఎత్తి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత కూర్చుని బూట్ల తాళ్లు విప్పాడు. బూట్లు, మేజోళ్లు తీసి పక్కన పెట్టాడు. మేకల వెంట తిరిగిన రోజుల్లోలా ఒట్టి పాదం ఆకుల్లోకి దించాడు. వేళ్లతో తడిమాడు. రెండో పాదం దించాడు. పళ్లు కరుచుకుని, ఒళ్లంతా చెమటలు కారుతుండగా, నా దాకా వచ్చాడు. నన్ను తీసి మూత తిప్పి తాగాడు. లంక తర్వాత అతను నాతో తాగిన మొదటి గుక్క అది. మిగిలినవి సలోమికి తాగించాడు. ఆమెను వీపున వేసుకుని కొండ దిగాడు. దారంతా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. ఊరుకుంటే మళ్లీ నడవలేనేమోనన్న భయం ఆ గొంతులో నాకు వినిపించింది.

ఆ రోజుతో అంతా నయమైపోయిందని చెబితే నేను అబద్ధం చెప్పినట్టే. కాలు కట్టు విప్పాక ఇద్దరూ మళ్లీ కొండకు వెళ్లసాగారు. కాని అతను సలోమిని తన వెనక నడవనివ్వడు, ముందు నడవనివ్వడు. పక్కనే నడవాలి. అడవి బాటలు ఒక మనిషికే చాలవు. ఒకరు బాటలో ఉంటే రెండోవారు ముళ్లకంపల్లో. వంతులు వేసుకుని గీరుకుపోతూ నడిచే ఆ ముసలి జంటను చూసి కాపరులు పకపకా నవ్వేవారు. కొన్ని రోజులు అతను బాట మధ్యలో ఆగిపోయి, ముందుకీ వెనక్కీ కదలలేక నిలబడేవాడు. సలోమి కూడా ఆగేది. నన్ను చేతికిచ్చి పక్కన కూర్చునేది.

"పోలిరాజును చూసి రావాల" అని ఆమె మొదట అన్నప్పుడు అతను లేచి బయటికి వెళ్లిపోయాడు. ఆమె వదల్లేదు. ఏ ముఖం పెట్టుకుని పోవాలని అతను, ఉన్న ముఖమే పెట్టుకుని పోవాలని ఆమె. ఆ వాదన చాలాకాలం నడిచింది. చివరికి రైలెక్కారు. రైలు దిగి, బస్సెక్కి, ఇసకలో నడిచి ఆ పల్లె చేరారు. పోలిరాజు రోజూ వర్ణించిన పల్లె కాబట్టి పేరు, దారి జకరయ్య మరిచిపోలేదు.

ఇంటి ముందు ఒక ఆమె చేపలు ఎండబెడుతోంది. తలుపు పక్కన గోడకు పోలిరాజు ఫొటో, దానికి దండ. జకరయ్య అక్కడే ఆగిపోయాడు. ఆమె పోలిరాజు భార్య నూకరత్నం. వచ్చినవాళ్లెవరో సలోమి చెప్పింది. నూకరత్నం చేతిలోని చేప కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"జకరీ అంటే మీరేనా? ఆడు పోయి రెండేళ్లయింది బాబూ. ఇప్పుడొచ్చినారా?"

"తప్పయిందమ్మా" అన్నాడు జకరయ్య. "ఆ రోజు నేనే... నా అడుగులో అడుగెయ్యమని..."

"ఆ మాట నాకు సెప్పకండి. దానికి ఆడు మిమ్మల్నేటీ అన్లేదు. ఒక్కరోజూ అన్లేదు. నానంతాను" అంది నూకరత్నం. గొంతు పెంచలేదు, అందుకే ఆ మాటలు మరీ గుచ్చుకున్నాయి. "పటాలపోడు ఎవులొచ్చినా కర్ర పట్టుకుని లెగిసి, మా జకరీ బతికున్నాడా అని అడిగీవోడు. ఆ యెనకాల మీకేటైందో అని ఆడికి దిగులు. మీ ఊరి పేరు గేపకం నేదని బాధపడీవోడు. కాలు పోనాది గురించి ఎప్పుడూ ఏడవనేదు. మీరు బతికున్నారో నేదో తెలీకుండానే సచ్చిపోనాడు. ఒక్కపాలి వొచ్చి కనిపిత్తే ఏటి పోయీది బాబూ మీకు?"

జకరయ్య ఆ ఇసకలో మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఆమె లేవమనలేదు. లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి సలోమికి ఇచ్చింది. అతనికి కూడా ఇవ్వమని సైగ చేసి మళ్లీ చేపల దగ్గర కూర్చుంది. చేయగలిగింది ఏమన్నా ఉంటే చెప్పమని సలోమి అడిగితే, "ఏటీ వొద్దమ్మా" అంది.

తిరిగి వచ్చి రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డారు. వెనక నుంచి ఒకామె గబగబా వచ్చింది. పోలిరాజు కూతురు ఈశ్వరి. తండ్రి లంక నుంచి వచ్చాక పుట్టిన పిల్ల, ఇప్పుడు ఆమె చంకలోనే ఒక పసిబిడ్డ ఉంది.

"బాబూ, అమ్మ మాటలకు ఏటీ అనుకోకండి" అంది. "ఒక మాట అడుగుదామని వొచ్చినాను. మా నాన్న రెండు కాళ్లతో ఎలగుండీవోడు? నాను సూడనేదు. నడిత్తే ఎలగుండీవోడు?"

జకరయ్య ఆమె వైపు చూశాడు. బస్సు వచ్చింది, ఆగింది, కండక్టరు కేకేశాడు, పోయింది. జకరయ్య రోడ్డు పక్క రాతి మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. పోలిరాజు నడిస్తే భుజాలు అటూ ఇటూ ఊగేవి, నేల కూడా పడవనుకునేవాడు. పరుగు పందెంలో పటాలంలో వాణ్ణి కొట్టినవాడు లేడు. కొబ్బరిచెట్టు ఎక్కి పైనుంచి అధికారి గొంతు అనుకరిస్తే కింద అందరూ సెల్యూట్ కొట్టారు. మంచు కొండల్లో మొదటిసారి మంచు పడితే బూట్లతో గెంతులు వేసి జారిపడ్డాడు. అవన్నీ నేను చూసినవే, ఒక్కటీ కల్పించలేదు. చెబుతూ చెబుతూ జకరయ్య లేచి, పోలిరాజు నడక నడిచి చూపించాడు. భుజాలు ఊపుతూ ఆ తారు రోడ్డు మీద అటూ ఇటూ నడిచాడు. ఈశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు. ఆమె చంకలోని బిడ్డ మాత్రం అతన్నే చూస్తూ కిలకిలా నవ్వింది.

"మళ్లీ రండి పెదనాన్నా" అంది ఈశ్వరి, తర్వాతి బస్సు వచ్చినప్పుడు.

ఏటా వెళ్లారు. నూకరత్నం ఒక్కసారి కూడా నవ్వుతూ పలకరించలేదు. రావొద్దనీ అనలేదు. మూడో ఏడు నుంచి అన్నం పెట్టింది.

పోయిన వేసవిలో జకరయ్యకు ఊపిరి అందని జబ్బు వచ్చింది. అతని చావును నేను అందంగా చెప్పలేను. కొండ మీద పోలేదు, ఆరుబయట పోలేదు. కిటికీ తెరుచుకోని ఆసుపత్రి గదిలో, మిషన్ల చల్లగాలిలో పోయాడు. బయటికి తీసుకుపొమ్మని సైగ చేస్తూనే ఉన్నాడు. గొట్టాలు తీస్తే ప్రాణానికి ప్రమాదమన్నారు డాక్టర్లు. సలోమి వాళ్ల మాట విన్నది. అవి తియ్యకపోయినా ప్రాణం నిలవలేదు. ఆ సంగతి ఆమెను ఇప్పటికీ తినేస్తోంది.

భూస్థాపనకు మాజీ సైనికులు వచ్చి శవపేటిక మీద జెండా కప్పారు. వీరుడన్నారు, దేశం కోసం పోరాడాడన్నారు. ఏ దొన నీళ్లు తియ్యనో తెలిసిన మనిషి అని ఎవరూ అనలేదు. అలాంటివి చెప్పే అలవాటు ఆ సభల్లో లేదు. నూకరత్నం, ఈశ్వరి అంత దూరం నుంచి వచ్చారు. నూకరత్నం సలోమి పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుని, మట్టి కప్పేదాకా వదల్లేదు.

ఆ తర్వాత వానలు పడ్డాయి, వెలిశాయి. సలోమి కొండకు వెళ్లలేదు. నేను మేకుకు వేలాడుతూ ఉండిపోయాను. ఉన్ని తొడుగు చెద పట్టింది. నా అతుకు ఎక్కడో విడిపోయింది. వయసయ్యాక మనుషులకైనా రేకులకైనా ఎక్కడో ఒకచోట విడుస్తుంది.

ఈ పొద్దున కుంకుడుకాయలకు వెళ్లే ఆడవాళ్లు వాకిట్లో ఆగారు.

"అక్కా, వస్తన్నావా?"

రోజూ రానని చెప్పే సలోమి ఇవాళ చేతిలోని చీపురు పక్కన పెట్టింది. తర్వాత లోపలికి వచ్చి నన్ను మేకు మీంచి తీసింది. కుళాయి కింద నింపి, పట్టీ భుజాన వేసుకుని, తలుపు దగ్గరగా వేసింది. ఊరు దాటి, చేలు దాటి, రాలిన ఆకుల మీదికి వచ్చాం. నా అతుకులోంచి చుక్కలు మొదలై, ధారగా మారి, ఆమె చీర నడుము నుంచి మడమ దాకా తడిసిపోతోంది.

"సలోమక్కా, నీ సీసా కారతాంది!" అని వెనక నుంచి ఒకామె అరిచింది.

"కారనీలే" అంది సలోమి. "పైన దొన ఉండాది. పదండి."